కొండలు లంకలైతే పిట్టలేమవుతాయి?

పోలవరం ప్రాజెక్టు మీద దశాబ్దాలుగా సాగుతున్న వాదోపవాదాల్లో పిట్టల ఊసు ఎప్పుడో గానీ రాదు. వచ్చినా రెండు మాటల్లో తేలిపోతుంది. అడవి మునిగితే పిట్టలు పోతాయని ఒకరంటారు. అంత నీరు నిలబడితే కొంగలూ బాతులూ తండోపతండాలుగా వచ్చి వాలతాయి, ఇందులో నష్టమేముందని మరొకరంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది గానీ, రెండూ పిట్టల్ని తలల లెక్కన చూసే అలవాటులోంచి పుట్టినవే. జలాశయం పూర్తిగా నిండాక తొలి పదేళ్లలో పాపికొండల్లో పిట్టల సంఖ్య పెద్దగా తగ్గకపోవచ్చు. కొన్నిచోట్ల పెరిగినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ అంకెలు చూసి అంతా బాగానే ఉందని ఎవరైనా నివేదిక రాస్తే, అందులో ఒక్క అంకె కూడా తప్పు ఉండకపోవచ్చు, అయినా నివేదిక తప్పే అవుతుంది. ఎందుకంటే జలాశయం చేసే నష్టం నీరు నిండిన ఏడాదే తేలేది కాదు, వాయిదాల మీద తీరే బాకీ. ఏ జాతి మీద ఎంత బాకీ పడుతుందో ముందుగా అంచనా వేయడానికి అక్కరకొచ్చే చదువు గోదావరి ఒడ్డున పుట్టలేదు. సముద్రం మధ్య నిప్పులు కక్కిన దీవుల మీద పుట్టింది.

1883 ఆగస్టు 26, 27 తేదీల్లో జావా, సుమత్రాల మధ్యనున్న క్రకటోవా దీవి పేలిపోయింది. దీవిలో చాలా భాగం సముద్రంలో కలిసిపోగా, మిగిలిన రకాటా అనే ముక్క మీద మీటర్ల మందాన వేడి బూడిద పేరుకుంది. పురుగూ పిట్టా, గడ్డీ గాదం ఏదీ మిగల్లేదనే శాస్త్రవేత్తల అంచనా. దగ్గరి పెద్ద ఒడ్డు దాదాపు 40 కిలోమీటర్ల దూరం. కాబట్టి అక్కడ ఆ తర్వాత కనిపించిన ప్రతి పిట్టా సముద్రం దాటి వచ్చిందే. 1908లో లెక్క తీస్తే రకాటా మీద స్థిరంగా కాపురముండే పిట్టలు 13 జాతులు తేలాయి. 1919–21 నాటికి అవి 27 అయ్యాయి. 1932–34లో మళ్లీ చూస్తే అప్పుడూ 27. మొత్తం మాత్రమే చూసేవాడికి ఈ పుష్కర కాలంలో ఏమీ జరగలేదు. పేర్లు సరిచూసినవాడికి మాత్రం ఐదు జాతులు మాయమై, మరో ఐదు కొత్తగా చేరినట్టు కనిపించింది. పోయినవాటిలో బుల్‌బుల్, ష్రైక్ ఉన్నాయి. అవి బయలు నేలను, తుప్పలను ఇష్టపడే పిట్టలు. బూడిద మీద మొదట మొలిచిన గడ్డిని క్రమంగా అడవి కమ్మేసరికి వాటికి చోటు లేకుండా పోయింది.

ఈ లెక్కల ఆసరాతోనే రాబర్ట్ మెకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు 1967లో దీవుల జీవజాలం మీద ఒక సిద్ధాంతం వెలువరించారు. దీవి మీద ఎన్ని జాతులుంటాయన్నది రెండు రేట్ల మధ్య తూకం: కొత్తవి వచ్చి చేరే రేటు, ఉన్నవి అంతరించే రేటు. ఒడ్డుకు దగ్గరగా ఉంటే వచ్చేవి ఎక్కువ. దీవి చిన్నదైతే ఒక్కో జాతిలో పిట్టలు తక్కువ, కాబట్టి ఒక తుఫానుకో ఒక కరువుకో ఆ జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోయే అవకాశం ఎక్కువ. మోటుగా చెప్పాలంటే విస్తీర్ణం పదింతలైతే జాతులు రెట్టింపవుతాయి. పదో వంతుకు పడిపోతే సగమే మిగులుతాయి. ఇది ముతక సూత్రమే. ఏ పిట్ట ఉంటుందో ఏది పోతుందో చెప్పదు, ఎప్పుడు పోతుందో అసలే చెప్పదు. ఇంజనీర్లకు నచ్చేటంత కచ్చితత్వం దీనిలో లేదు. కానీ ఒక దిశ మాత్రం చూపిస్తుంది: దీవి తనకు తగినన్ని జాతుల దగ్గర ఆగుతుంది. తక్కువతో మొదలైతే పెరిగి ఆగుతుంది, ఎక్కువతో మొదలైతే తరిగి ఆగుతుంది.

మన దేశంలోనే దీనికి చక్కని ఉదాహరణ ఉంది. పోర్ట్‌బ్లెయిర్ బజారులో తెలుగు వినిపించడం మనవాళ్లకు కొత్త కాదు గానీ, ఆ దీవులకు తూర్పున ఒంటరిగా నిలబడ్డ నార్కొండం గురించి తెలిసినవాళ్లు తక్కువ. సముద్రంలోంచి 700 మీటర్ల పైకి లేచిన నిద్రాణ అగ్నిపర్వతం అది. విస్తీర్ణం 7 చదరపు కిలోమీటర్లు కూడా లేదు. ప్రపంచంలో మరెక్కడా లేని నార్కొండం హార్న్‌బిల్ అక్కడే ఉంటుంది. 1873లో దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు అలన్ హ్యూమ్. కాంగ్రెస్ పార్టీ స్థాపనలో మనం చదువుకునే హ్యూమే. ఇటీవలి అధ్యయనం ఒకటి ఆ చిన్న దీవి మీద సుమారు 1,000 హార్న్‌బిల్‌లున్నాయని, అంటే చదరపు కిలోమీటరుకు 150 దాకా అని తేల్చింది. ఇంత కిక్కిరిసి హార్న్‌బిల్‌లు బతికే చోటు మరొకటి తెలియదు. మర్రి, మేడి జాతి చెట్లు పుష్కలంగా ఉండటం, పోటీకి వచ్చే పెద్ద పండ్ల పిట్టలు తక్కువ కావడం, గూళ్ల మీద పడే కోతుల వంటి జంతువులు లేకపోవడం దీనికి కారణాలు. పిట్టలు వేలల్లో ఉన్నంత మాత్రాన ఆ చోటు సంపన్నమైనదని అనుకోకూడదని చెప్పడానికి నార్కొండం చాలు. దీవుల మీద జాతులు తక్కువ, ఉన్న జాతిలో తలలు ఎక్కువ.

ఇక్కడే ఒక అభ్యంతరం రావాలి. 7 చదరపు కిలోమీటర్ల దీవి మీద ఒక పెద్ద పిట్ట తరతరాలుగా నిక్షేపంగా బతుకుతుంటే, పాపికొండల అంచున నాలుగు గుట్టలు నీటి మధ్య మిగిలినంత మాత్రాన కంగారెందుకు? తేడా ఎవరు ఎలా వచ్చారన్న దానిలో ఉంది. అగ్నిపర్వత దీవి ఖాళీగా మొదలవుతుంది. అక్కడికి చేరినవన్నీ సముద్రం మీద ఎగిరే సత్తువ ఉన్నవే. ఆ పరీక్ష నెగ్గనివి రానే రావు. జలాశయంలో ఏర్పడే దీవి నిండుగా మొదలవుతుంది. నీరు చుట్టుముట్టేనాటికి అక్కడున్న పిట్టల్లో చాలావాటికి బతుకులో ఎన్నడూ నీరు దాటాల్సిన అవసరమే రాలేదు. పైగా చుట్టుపక్కల మునిగిన అడవి నుంచి పారిపోయి వచ్చినవి కూడా ఆ గుట్ట మీదే తలదాచుకుంటాయి. అందుకే తొలి ఏళ్లలో లెక్క తీస్తే పిట్టలు కిటకిటలాడుతుంటాయి. క్రకటోవాను వెనక్కి నడిపిస్తే ఎలా ఉంటుందో జలాశయపు దీవి అలా ఉంటుంది.

పిట్టలకు రెక్కలున్నాయి కదా, ఎగిరిపోతాయి అనే మాట వినడానికి బాగుంటుంది. దీన్ని నిజంగా పరీక్షించి చూశారు. పనామా కాలువ కోసం చాగ్రెస్ నదికి అడ్డుకట్ట వేసినప్పుడు గాటున్ సరస్సు ఏర్పడి, 1914 నాటికి ఒక కొండ దీవిగా మారింది. పేరు బారో కొలరాడో, విస్తీర్ణం సుమారు 15 చదరపు కిలోమీటర్లు. నార్కొండానికి రెట్టింపు. వేట లేదు, గొడ్డలి లేదు, నిత్యం శాస్త్రవేత్తల కాపలా. అయినా ఆ శతాబ్దం ముగిసేలోగా అక్కడి నుంచి 60కి పైగా పక్షి జాతులు మాయమయ్యాయి. పాత పొలాలు అడవిగా మారడం వల్ల పోయినవి కొన్ని; అడవి నడుమ పొదల్లో, నేలకు దగ్గరగా బతికేవి ఎందుకు పోయాయన్నదే చిక్కు ప్రశ్న. 2008లో వెలువడిన ఒక ప్రయోగం దీనికి నేరుగా జవాబిచ్చింది. పరిశోధకులు అడవి పిట్టల్ని పట్టి పడవలో సరస్సు మీదికి తీసుకెళ్లి, ఒడ్డుకు కొలిచిన దూరాల్లో వదిలారు. కొన్ని జాతులు ఇట్టే ఒడ్డు చేరాయి. యాంట్‌బర్డ్ కుటుంబానికి చెందిన కొన్ని పిట్టలు మాత్రం 100 మీటర్లు కూడా దాటలేక నీటి మీదికి దిగిపోయాయి. పడవలోనివాళ్లు వాటిని తీసి కాపాడాల్సి వచ్చింది. ఏ లోపమూ లేని రెక్కలే అవి. కొమ్మ నుంచి కొమ్మకు, నీడ నుంచి నీడకు ఎగరడానికి తయారైన రెక్కలు. మన కాలువ గట్టు మీద నిలబడి చూస్తే 100 మీటర్లంటే ఎంతో కాదు.

ఇక పోలవరం సంగతి. రామయ్యపేట దగ్గర, గోదావరి కొండల్లోంచి బయటపడి మైదానంలో కాళ్లు చాపుకునే చోట కడుతున్న ఈ ఆనకట్ట పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. నిల్వ 194.6 టీఎంసీలు. 2021 జూన్‌లో నదిని 48 గేట్ల స్పిల్‌వే మీదుగా మళ్లించారు. తొలిదశలో 41.15 మీటర్ల దాకా నింపాలన్నది ఆలోచన. నీరు వెనక్కి తన్ని గోదావరి వెంట పాపికొండల గుండా, కూనవరం దగ్గర శబరిలోకి కూడా పాకుతుంది. పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ ఉద్యానం. విస్తీర్ణం 1,012 చదరపు కిలోమీటర్లు. ఒక విషయం దాచకుండా చెప్పాలి: ఈ కొండలు వందల మీటర్ల ఎత్తువి. 45 మీటర్ల నీటికి శిఖరాలు దీవులైపోవు. నిజంగా నాలుగు వైపులా నీరు చుట్టేవి చిన్న గుట్టలే. బ్రెజిల్‌లోని బల్బీనా జలాశయంలో మూడు వేల పైచిలుకు దీవులు తేలాయి. ఇక్కడ ఆ పరిస్థితి రాదు. కాబట్టి క్రకటోవా సూత్రాన్ని యథాతథంగా తెచ్చి ఇక్కడ అతికించడం కుదరదు.

అయితే దీవి అంటే నాలుగు వైపులా నీరు అన్నది మనిషి లెక్క. పొదల పిట్టకు తాను దాటలేనిది ఏదైనా సముద్రమే. గోదావరి ఎప్పటినుంచో ఉంది కదా, రెండు ఒడ్ల పిట్టలూ ఎప్పుడూ వేరుగానే ఉన్నాయి కదా అని అడగవచ్చు. నిజమే. నది అడ్డంకే. కానీ ఒకే ఒడ్డున, పక్కపక్క కొండ వాలుల మధ్య నది అడ్డంకి కాదు. వాటిని కలిపేవి వాగులు. వేసవిలో బండరాళ్ల మధ్య చెంబెడు నీళ్లతో పారే వాగు మీద రెండు వైపుల కొమ్మలూ కలిసి పందిరిలా అల్లుకుంటాయి. ఏరుమద్ది, నేరేడు, మేడి, వెదురు దట్టంగా ఉండేది అక్కడే. జలాశయం చేసే పని ప్రతి వాగు లోయలోకీ ఒక నీటి వేలు దూర్చడం. నిన్నటి దాకా ఆకుల పందిరి కింద దాటిన చోట రేపు వందల మీటర్ల ఎండ నీరు. రెండు వాలులూ పైన ఎక్కడో కొండ భుజం మీద కలిసే ఉంటాయి, మ్యాపులో ఒకే పచ్చరంగు కనిపిస్తుంది. కానీ పైన ఉండేది ఎండకు ఆకు రాల్చే పొడి అడవి. కింది వాగు అడవి పిట్టకు అది దారి కాదు. ఉద్యానంలో మునిగేది కొద్ది శాతమేనన్న వాదనకు జవాబు కూడా ఇదే. మునిగేది సగటు అడవి కాదు, అడుగున ఉండే తడి అడవి. ఇంట్లో ఒక్క గదే పోయిందంటే, పోయింది ఏ గది అన్నది చూడాలి.

ఇలాంటి పిట్ట ఎలా ఉంటుందో తూర్పు కనుమల్లోనే ఉదాహరణ ఉంది. అబాట్ బాబ్లర్ అనే మట్టిరంగు పిట్ట హిమాలయ పాదాల నుంచి ఆగ్నేయాసియా దాకా తడి అడవుల అడుగు పొదల్లో తిరుగుతుంది. వందల కిలోమీటర్ల ఎడంగా మన తూర్పు కనుమల్లో దాని చిన్న జనాభా ఒకటి చిక్కుకుపోయి ఉంది. 1985లో రిప్లీ, బీలర్ దాన్ని ప్రత్యేక ఉపజాతిగా గుర్తించి, ఈ కొండల పిట్టల మీద జీవితం ధారపోసిన విశాఖపట్నం పక్షి శాస్త్రజ్ఞుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేరు పెట్టారు. ఒకప్పుడు దేశమంతా తడిగా ఉన్న కాలంలో అల్లుకున్న అడవి వెనక్కి తగ్గినప్పుడు ఇలాంటి ముక్కలు మిగిలాయన్నది ఒక వివరణ. అంటే ఉత్తర తూర్పు కనుమల తడి అడవులు ఇప్పటికే దీవులు, నీటి మధ్య కాదు, పొడి నేల మధ్య. దీవిని మళ్లీ దీవులుగా నరకడం వేరే లెక్క.

లంబసింగి పేరు చలికి ప్రసిద్ధి గానీ, పక్షి శాస్త్రంలో మరో కారణానికి గుర్తుంది. ట్రెవర్ ప్రైస్ అనే జీవశాస్త్రవేత్త 1970 దశకంలో అక్కడి అడవిలో ఏ కాలంలో ఏ పిట్ట ఉంటుందో నమోదు చేసి 1979లో ప్రచురించాడు. ఆ తర్వాత ఆయన పనిచేసింది గలాపగోస్‌లోని డాఫ్నే మేజర్ అనే చిన్న అగ్నిపర్వత దీవి మీద, పీటర్ గ్రాంట్ బృందంలో. డాఫ్నే మీద దాదాపు ప్రతి ఫించ్ కాలికీ గుర్తు కడియం ఉండేది. 1977లో వాన రాలేదు. మెత్తని గింజలు అయిపోయి గట్టివే మిగిలాయి. సుమారు 1,200 ఉన్న నేల ఫించ్‌లు 180 దాకా పడిపోయాయి. బతికిబట్టకట్టినవి సగటున దళసరి ముక్కున్నవి. కడియాలు లేకపోతే సంఖ్య పడిపోయిందని మాత్రమే తెలిసేది, ఏవి పోయాయో ఎందుకు పోయాయో తెలిసేది కాదు. లంబసింగికీ డాఫ్నేకీ మధ్య సగం భూగోళం ఉంది. కానీ రెండు చోట్లా పని ఒకటే: మొత్తాలు కూడటం కాదు, ఒక్కో పిట్టను విడిగా చూడటం.

గోదావరికి సొంత దీవులు వేరే ఉన్నాయి. పోలవరం దిగువన పట్టిసీమ వీరభద్రుడి గుట్ట రాతి దీవి. వరద ఎంత వచ్చినా కదలదు. పిట్టలకు ఎక్కువ పనికొచ్చేవి మాత్రం కదిలే దీవులు. వర్షాకాలం మునిగి, సంక్రాంతి దాటాక ఒక్కొక్కటే బయటపడే ఇసుక తిన్నెలు. రివర్ టెర్న్, చిన్న ప్రాటింకోల్, తీతువు జాతి పిట్టలు ఫాల్గుణ, చైత్రాల్లో వట్టి ఇసుకలో అరచేయంత గుంట చేసి గుడ్లు పెడతాయి. పుల్లా లేదు, పీచూ లేదు. గుడ్డు రంగు, దాని మీది మచ్చలు అచ్చం ఇసుకా గులకరాళ్లే. రెండడుగుల దూరం నుంచి కూడా కనపడదు. ఎండకు ఇసుక మాడిపోతుంటే తల్లి పిట్ట నీళ్లలో పొట్ట తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. కింది ముక్కు పొడవుగా సాగి, నీటిని గీసుకుంటూ ఎగిరే ఇండియన్ స్కిమ్మర్ కూడా ఈ కోవలోదే. కాకినాడ తీరంలో, కోరింగ మడ అడవుల ముందు ఇసుకల మీద చలికాలంలో గుంపులు గుంపులుగా కనిపిస్తుంది. గూళ్లు చంబల్‌లో, మహానదిలో కటక్ దగ్గరి ముండలి వంటి చోట్ల పెడుతుంది. 2020లో దాన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో పై మెట్టుకు చేర్చారు. ఈ తిన్నెకు కావలసినవి రెండే: చుట్టూ కాసిన్ని నీళ్లు, వాటి మట్టం రెండు మూడు నెలల పాటు హఠాత్తుగా మారకపోవడం. నీరు మరీ తగ్గితే కుక్కలు, నక్కలు నడిచి వస్తాయి. ఒక్కసారిగా పెరిగితే గుడ్లు కొట్టుకుపోతాయి. ఆనకట్ట ఎగువన తిన్నెలన్నీ శాశ్వతంగా అడుగున పడిపోతాయి. దిగువన 960 మెగావాట్ల జల విద్యుత్ కేంద్రం ఏ గంటకు ఎంత నీరు వదులుతుందన్న దాని మీద గూళ్ల గతి ఆధారపడుతుంది. న్యాయంగా చెప్పాలంటే, ఆనకట్ట రాకముందే ఇసుక ర్యాంపులు ఈ పని మొదలుపెట్టాయి. లారీ కోసం పాయకు అడ్డంగా బాట వేసిన రోజే ఆ తిన్నె దీవి కాకుండా పోయింది.

తిన్నెలు పోతే పోనీ, కొత్త నీటి అంచు దొరుకుతుంది కదా అంటారు. జలాశయం పూర్తి మట్టానికీ, కనీస మట్టం 41.15 మీటర్లకూ మధ్య తేడా 4.57 మీటర్లు, దాదాపు 15 అడుగులు. ఈ పట్టీ ఏటా కొన్ని నెలలు మునిగి, కొన్ని నెలలు ఎండుతుంది. చెట్టు బతకదు, ఇసుక చేరదు. ఏటవాలు కొండ మీద మిగిలేది గీసినట్టుండే బోడి మట్టి అంచు. నీటి పిట్టల మాటకొస్తే అన్నిటినీ ఒక గాటన కట్టకూడదు. నీటికాకి మునిగి చేపను పడుతుంది, దానికి లోతు అడ్డు కాదు. కొంగకు, కంకణానికి, ఉల్లంకికి కాలు ఆనాలి. వాటి వేట జానెడు, మూరెడు నీళ్లలోనే. అందుకే వలస పిట్టలు లోతైన జలాశయాల కంటే కొల్లేరు వంటి పల్లపు చెరువును కోరుకుంటాయి. కైకలూరు దగ్గరి ఆటపాక మనుషులు గట్టు వేసిన చెరువే. గూడబాతులు అక్కడ అటవీ శాఖ నిలబెట్టిన ఇనుప మంచెల మీద కూడా గూళ్లు కడతాయి. మనిషి చేసిన నీరు పిట్టలకు పనికిరాదని అనలేం. చేసిన తీరును బట్టి ఉంటుంది. అదే పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి ఆరేడులో 1946లో కె.కె. నీలకంఠన్ చూసిన పెద్ద గూడబాతుల కాలనీ 1970 దశకం వచ్చేసరికి ఖాళీ అయిపోయింది. ఊరు, చెరువు, చేప అన్నీ చుట్టుపక్కల ఉన్నాయి; గూళ్లే లేవు.

కాటన్ దొర కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట మాటేమిటి, అది రాకపోతే ఈ పచ్చని డెల్టా, ఈ వరిచేల కొంగలు ఉండేవా అన్నది మరో గట్టి ప్రశ్న. 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట నదిని పొలాల్లోకి పలచగా పరిచింది. జానెడు నీటి పిట్టలకు అది వరమైంది. పోలవరం కాలువల కింద కూడా కొంత మేర అదే జరుగుతుంది, కాదనను. కానీ దాని జలాశయం లోయలో నీటిని నిలువునా పేర్చేది. అంతేకాక నది మోసుకొచ్చే ఒండ్రు లెక్క కూడా చూడాలి. 1970లలో గోదావరి ఏటా దాదాపు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది, 1990ల చివరికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని, డెల్టా తీరం కోతకు ఇదొక కారణమని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఎగువన ఒకదాని వెనుక ఒకటి కట్టిన ఆనకట్టల ఫలితం అది. స్కిమ్మర్లు నిలబడే కాకినాడ ఇసుకకు ముడిసరుకు కొండల్లోంచే రావాలి.

పిట్టల బతుకును తలల లెక్క కాదు, బతికే చోటే తేలుస్తుందన్న మాటకు చాలా పాత సాక్ష్యం కూడా ఈ గోదావరి పక్కనే ఉంది. పోలవరానికి దిగువన, కొవ్వూరు, దేవరపల్లి మధ్య గౌరీపట్నం, పంగిడి క్వారీల్లో రోడ్లకు కొట్టే నల్లరాయి లావా. 6.6 కోట్ల ఏళ్ల క్రితం పడమటి కనుమల వైపు పుట్టిన దక్కన్ లావా పాత నదీ లోయల వెంట వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడ సముద్రం ఒడ్డుకు చేరిందని, భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. రెండు లావా పొరల మధ్య చిక్కిన సున్నపు మట్టిలో డైనోసార్లు అంతరించిన కాలపు హద్దు ఉంది. డైనోసార్లలో ఒక్క కొమ్మ మిగిలింది, దాని పేరే పక్షులు. వాటిలోనూ అన్నీ మిగల్లేదు. ఉల్కాపాతం తర్వాత ప్రపంచమంతటా అడవులు కూలినప్పుడు చెట్ల మీద బతికే పక్షి శాఖలు పోయి, నేల మీద తిరిగేవే గట్టెక్కాయని 2018లో ఒక పరిశోధన వాదించింది. అప్పుడు ఏ శాఖలో ఎన్ని పిట్టలున్నాయన్నది లెక్కకు రాలేదు. ఎక్కడ బతుకుతాయన్నదే లెక్కకు వచ్చింది.

ముందు లెక్క లేకపోతే ఏమవుతుందో ఈ లోయకే అనుభవం ఉంది. కలివి కోడి ఇప్పుడు కడప జిల్లా లంకమల పేరుతో ముడిపడ్డ పిట్ట. 1986లో అక్కడ మళ్లీ దొరికింది. కానీ 19వ శతాబ్దంలో అది గోదావరి లోయలో కూడా, భద్రాచలం, సిరోంచ ప్రాంతాల్లో ఉండేదని విలియం బ్లాన్‌ఫర్డ్ రాశాడు. ఆయన ఉద్యోగం భూగర్భ శాఖలో, ఆసక్తి పిట్టల మీద. ఆ తర్వాత ఇక్కడ అది ఎప్పుడు పోయిందో, దేనివల్ల పోయిందో చెప్పే ఆధారం ఒక్కటీ లేదు. పాపికొండల విషయంలో అలా కాకూడదంటే నీరు 41 మీటర్లకు చేరకముందే పని జరగాలి. మార్చి, ఏప్రిల్‌లలో ఎగువ దిగువ తిన్నెల మీద గూళ్ల లెక్క. దీవులు కాబోయే గుట్టలనూ, వాటికి జోడీగా మునగని వాలులనూ గుర్తించి, వాగు వెంట పొదల పిట్టలకు కడియాలు వేయడం. అవే చోట్లకు ఐదేళ్లకు, పదేళ్లకు, ఇరవై ఏళ్లకు తిరిగి వెళ్లడం. గూళ్ల నెలల్లో విద్యుత్ కేంద్రం నీటిని విడతల వారీగా కాక నిలకడగా వదిలితే కరెంటులో ఎంత నష్టమో కూడా లెక్క కట్టి చూడవచ్చు. ప్రాజెక్టు వ్యయంలో ఇదంతా లెక్కకు రాని మొత్తం.

దాదాపు లక్ష కుటుంబాలు ఇల్లూ భూమీ వదులుతుంటే పిట్టల గోల ఏమిటని కొందరికి కోపం రావచ్చు. ఆ కోపం సబబే, పరిహారం వరసలో మనుషులే ముందుండాలి. అయితే ఈ రెండు విషయాలూ విడివిడిగా లేవు. ఏ వాగు మీద ఏ పిట్ట ఏ నెలలో కూస్తుందో, ఏ తిన్నె మీద గుడ్లు పెడుతుందో, ఏది తన తాతల కాలంలో ఉండి ఇప్పుడు లేదో తెలిసినవాళ్లు కొండరెడ్లు, కోయలు. జలాశయానికి ముందరి లెక్కలో సగం వాళ్ల దగ్గరే ఉంది. దాన్ని రాసుకోవడానికి ఇప్పుడు అడవికి వెళ్లినా లాభం లేదు, చాలామంది ఊళ్లలో లేరు. జంగారెడ్డిగూడెం మండలం తాడువాయి పునరావాస కాలనీలో అడగాలి.